బేస్ ఆగిన చోటల్లా

ఆసుపత్రి లాండ్రీ, ఇస్త్రీ గది
సోమవారం

తమ్ముడూ,

నువ్వు పిరికివాడివి. ఎవరికీ అర్థం కాదన్న ధీమాతో అరిచేవాణ్ణి ఇంకేమంటారు? చీకట్లో రాయి విసిరి, తెల్లారాక అందరితోపాటు వచ్చి "అయ్యో, ఎవరికి తగిలింది?" అని అడిగే రకం నువ్వు.

ఫోనులో అడగొచ్చు. కానీ నువ్వు మధ్యలో నవ్వేసి మాట మార్చేస్తావు. కాగితం మీద నవ్వు వినపడదు. అందుకే రాస్తున్నా. నువ్వూ రాసే చెప్పు.

మన ఆఖరి రికార్డు క్యాసెట్టు మన రికార్డింగులు చేసే చెవుల మామ నాకు పంపాడు. మూడో పాటలో డ్రమ్ము తొక్కే నా ఎడమ కాలు కాస్త వెనకబడిందేమోనని అనుమానం. నా పద్ధతి నీకు తెలిసిందే. ఎంత వేగంగా వాయించినా సరే, తప్పు పట్టుకోవాలంటే టేపుని సగం వేగంలో తిప్పి వింటాను. ఇదివరకు రికార్డులప్పుడు మామ నా డ్రమ్ములొక్కటే విడిగా ఎక్కించి ఇచ్చేవాడు. ఈసారి అడ్డుగోడలు లేకుండా ముగ్గురం ఒకే గదిలో వాయించాం కదా, అన్నీ కలిసిన క్యాసెట్టే ఇచ్చాడు.

భోజనాల వేళ ఇక్కడే పెట్టాను. మావాళ్ళు చుట్టూ చేరారు. మన బ్లాక్ మెటల్ కేకల పాటలంటే వీళ్ళకి ఎప్పుడూ వేళాకోళమే. "ఏంటక్కా, ఈ అరుపులు? ఎవరికైనా మత్తుమందు లేకుండా పన్ను పీకుతున్నారా?" అని ఒకత్తె. "కాదే, వాళ్ళ తమ్ముడు ప్రేమగీతం పాడుతున్నాడు" అని ఇంకొకత్తె. నేనూ నవ్వాను. నవ్వుతూనే వేగం సగానికి తగ్గించాను.

నీ కేక సాగింది. సాగి సాగి మాటలయింది. బావిలోంచి మాట్లాడే ముసలివాడి గొంతులా, ఒక్కొక్క మాటా విడివిడిగా, శుభ్రంగా.

"నది దాటి వచ్చినోళ్ళని నదికే ఇచ్చేయ్."

నవ్వులు ఆగిపోయాయి. దుప్పట్లు మడతపెట్టే పెద్దామె ఉందే, ఆమె బతుకుతెరువు కోసం అవతలి ఒడ్డు నుంచి నది దాటి వచ్చిన మనిషి. చేతిలో దుప్పటి సగం మడతలోనే బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళిపోయింది. మరి మీ బావ? తల్లి వీపు మీద నది దాటినవాడు కాదూ? నీ పక్కనే, మూరెడు దూరంలో నిలబడి ఆ పాటకి బేస్ గిటారు వాయించినవాడు కాదూ?

ఇంకొకటి. పోయిన నెల మీ బావ వెల్డింగ్ షాపు షట్టరు మీద ఎవరో నల్లరంగుతో రాసిపోయారు. కిరసనాయిలు పోసి రుద్దింది నేనే. మణికట్టు అసలే పాడైపోయి ఉంది, ఆ రుద్దుడుకి వారం రోజులు అన్నం ముద్ద ఎత్తలేకపోయాను. ఏదో అల్లరిమూక అనుకున్నాం. ఇవాళ తెలిసింది. ఆ షట్టరు మీదిదీ ఇదే వాక్యం. పొల్లు పోకుండా.

ఆ మాటలు నువ్వు రాసినవేనా? అవునో, కాదో. రెండింట్లో ఒకటి చెప్పు చాలు.

అక్క


తాళాల షాపు పైగది
శుక్రవారం

అక్కా,

ముందు కాసిని మంచినీళ్ళు తాగు. తాగావా? ఇప్పుడు చదువు.

అవును, నేనే రాశాను. అయితే ఏంటట? అది పాట. ఆ పాటలో మాట్లాడేది నేను కాదు, ఓ రాక్షసుడు. మొహానికి సున్నంలా తెల్లరంగు పూసుకుని స్టేజీ ఎక్కేది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ రీడింగులు రాసుకునే నేనా? ఇన్నేళ్ళూ రాజుల తలలు తెగ్గొట్టాను, గుళ్ళూ మేడలూ తగలబెట్టాను, ఆకాశాన్ని కిందికి లాగి తన్నాను. అప్పుడెప్పుడైనా "తమ్ముడూ, ఆ రాజు ఎవరు పాపం?" అని అడిగావా? వెనక కూర్చుని ఇంకా గట్టిగా బాదావు.

అసలు నువ్వు ఏనాడైనా నా మాటలు అడిగావా? బ్యాండు పెట్టిన రోజే తేల్చేశావు: "మాటలు నీవి, మోత నాది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టొద్దు." చెవుల్లో దూది పెట్టుకుని వాయించే మనిషివి, ఇప్పుడు సగం వేగంలో విని నాకు శిక్ష వేస్తావా? సగం వేగంలో తిప్పితే అమ్మ జోలపాట కూడా శాపంలా వినిపిస్తుంది.

షట్టరు సంగతి నాకు తెలీదు. నా చేతికి రంగు అంటలేదు. ఎవడో పాట విని రాసుంటాడు. ఇటుకలు కాల్చినవాణ్ణి, ఆ ఇటుకతో తల పగిలిందని జైల్లో పెడతావా?

అయినా ఒక మాట. రోజూ ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి నేను. ఒక్క మీటరు మీద మూడు కాపురాలు ఉంటున్నాయి ఆ వీధుల్లో. తలుపు కొడితే తియ్యరు, తీస్తే మొహం మీదే వేస్తారు. అవన్నీ నువ్వు చూడవు. నీకు యూనియన్ సభలూ తీర్మానాలూ ఉన్నాయి. నాకు ఈ గొంతొకటే ఉంది.

సరే, వదిలెయ్. ఎలాగూ విడిపోతున్నాం. నీ చెయ్యి ఇక పనికిరాదని డాక్టరు చెప్పేశాడు. ఇది నీ ఆఖరి వాయిద్యం, నువ్వు ఇంతకన్నా బాగా ఎన్నడూ వాయించలేదు. నా మాట కాదు, చెవుల మామ మాట. రికార్డు వేసే కంపెనీవాళ్ళు పై నెల వస్తున్నారు. మన ఆచారం ప్రకారం ముగ్గురం సరేనంటేనే టేపు గడప దాటాలి. నేను సరేనన్నాను. నువ్వూ బావా అనాలి.

తమ్ముడు


లాండ్రీ, ఇస్త్రీ గది
మంగళవారం

ఒరేయ్,

మంచినీళ్ళు తాగాను. కోపం దిగలేదు. ఇప్పుడు నీ వాదనలన్నీ బట్టలు జాడించినట్టు ఒక్కొక్కటే జాడిస్తాను, చూసుకో.

రాక్షసుడట! రాక్షసుడికి మన ఊళ్ళో ఏ వీధిలో ఎన్ని మీటర్లున్నాయో ఎలా తెలుసురా? మూడు పేరాల కింద నువ్వే ముసుగు తీసేశావు. "ఒక్క మీటరు మీద మూడు కాపురాలు" అన్నది పాటలో రాక్షసుడు కాదు, మీటర్లు చూసే నువ్వు.

సరే, మూడు కాపురాలే. ఒక్క గదిని మూడు ముక్కలు చేసి మూడు అద్దెలు గుంజుతున్నది ఎవడు? ఇంటి ఓనరు. వాడు తలుపు తీసి, సోఫాలో కూర్చోబెట్టి, టీ ఇస్తాడు నీకు. వాడి మీద ఒక్క పాట రాశావా? ఆ టీ ఎవరి చెమటతో వచ్చిందో ఒక్క కేక వేశావా? వెయ్యవు. ఎందుకంటే వాడు తిరిగి కొట్టగలడు. మూడు ముక్కల గదిలో ఉన్నవాడు కొట్టలేడు. దీన్ని తిరుగుబాటు అనరు, నాయనా. బలిసినవాడికి చేసే ఊడిగమంటారు, కాకపోతే జీతం లేకుండా.

రాజుల తలలు తెగ్గొట్టినప్పుడు గట్టిగా బాదానన్నావు. బాదాను. ఇప్పుడైనా బాదుతాను. ఎందుకో నీకు తెలుసా? ఈ ఆసుపత్రిలో రక్తపు దుప్పట్లు ఉతికి ఉతికి, సూపర్‌వైజర్ ముందు నోరు మూసుకుని మూసుకుని, ఆదివారం షెడ్డులోకి వచ్చి ఆ డ్రమ్ముల ముందు కూర్చుంటే గాని నాకు ఊపిరి ఆడేది కాదు. బాయిలరు పక్కన పనిచేసి ఒంటి నిండా మసితో వచ్చేదాన్ని గనకే బ్యాండుకి "మసి" అని పేరు పెట్టాను. ఆ మసి పనిచేసేవాడి ఒంటిది. నువ్వు దాన్ని తీసుకెళ్ళి పక్కింటివాడి మొహాన పూస్తున్నావు. మన కోపం ఎప్పుడూ పైకి చూసేది. నీ కోపం పక్కకి చూడటం ఎప్పుడు నేర్చుకుంది?

ఎవరికీ వినపడదంటావా? పోయిన ప్రదర్శన గుర్తు తెచ్చుకో. ముందు వరసలో ఆ గుండు గుంపు, కోట్ల మీద మన గుర్తు కుట్టించుకున్నవాళ్ళు. వాళ్ళ పెదాలు నీతోపాటే కదిలాయి. ఉత్తినే అరుస్తున్నారనుకున్నాను నేను. ఇప్పుడు తెలుస్తోంది, పాడుతున్నారు. నీ మాటలు తెలుసుకోవాలంటే నాకు టేపు నెమ్మదిగా తిప్పాల్సి వచ్చింది. వాళ్ళకి ఎవరు నేర్పారు? షట్టరు మీద రాసింది నువ్వు కాకపోవచ్చు. కానీ ఆ రాసేవాడికి అక్షరాభ్యాసం చేయించింది నువ్వే.

నాకు కావల్సింది ఒక్కటే. నీ గొంతు చెరిపించి మళ్ళీ పాడు. మాటలు మార్చు. ఇంటి ఓనర్ని తిట్టు, కరెంటాఫీసుని తిట్టు, నన్ను తిట్టు. నా ఆఖరి వాయిద్యం మీ బావని నదిలో తొయ్యమనే పాట కింద ఉండటానికి వీల్లేదు.

అక్క


తాళాల షాపు పైగది
ఆదివారం

అక్కా,

చెరపడం కుదరదు. మామని అడిగాను.

అడ్డుగోడలు వద్దన్నది నువ్వే. "ఆఖరిసారి ఒకళ్ళ చెమట ఒకళ్ళ మీద పడేలా వాయిద్దాం" అన్నది నువ్వే. ఫలితం ఏంటంటే, నా గొంతు నా మైకులో ఒక్కటే లేదు. నీ డ్రమ్ముల చుట్టూ పెట్టిన మైకులన్నిట్లోకీ కారిపోయింది. టేపులో నా గొంతున్న ట్రాకు చెరిపినా నీ డ్రమ్ముల చప్పుడు వెనక నా కేక అలాగే ఉంటుంది. నన్ను తియ్యాలంటే నిన్ను నువ్వు తీసేసుకోవాలి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. పోనీ మళ్ళీ వాయిస్తావా అంటే, కప్పు పట్టుకుంటేనే చెయ్యి వణుకుతోంది నీకు.

కాబట్టి ఆవేశం తగ్గించుకుని ఆలోచించు. ఇది లేకపోతే నువ్వు వాయించావన్న గుర్తు ఈ భూమ్మీద ఏముంటుంది? పాత రికార్డులు వింటే నీకే సిగ్గేస్తుంది, తగరపు డబ్బాలు దొర్లినట్టుంటాయి. ఇదొక్కటే నువ్వు. నా మీద కోపంతో నిన్ను నువ్వు పాతిపెట్టుకుంటావా?

ఇంకో విషయం చెప్పకూడదనుకున్నాను, నువ్వే చెప్పిస్తున్నావు. బావ తరఫున లాయరులా వాదిస్తున్నావే, నీ క్లయింటుని ఒక్కసారి అడిగావా? బావకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. ఆయన చెవుల్లో దూది లేదు. నా పక్కనే నిలబడేవాడు. ప్రతి రిహార్సలులో విన్నాడు, వాయించాడు, ఆంప్లిఫయర్ మోసుకుని ఇంటికి వెళ్ళాడు. ఆయనకి లేని నొప్పి నీకెందుకు?

తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల
గురువారం

అడిగాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే. ఆయన షాపు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నువ్వు చదివి తీరాలి.

"నీకు తెలుసా?" అన్నాను.

దేని గురించని అడగలేదు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"పాత రికార్డప్పట్నుంచే. అప్పుడు ఒక్క లైనే. ఇప్పుడు పాటంతా అదే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏం చేసేదాన్నా? ఆ మైకు పీకి వాడి నోట్లో కుక్కేదాన్ని!"

"అదే మరి. ఆ తర్వాత? ఆదివారం ఎక్కడికి వెళ్ళేదానివి?" తువ్వాలు తీసి, వేళ్ళ సందుల్లో మసి తుడుచుకుంటూ అన్నాడు: "వారమంతా నువ్వు ఎలా ఉంటావో, ఆదివారం ఇంటికొచ్చేటప్పుడు ఎలా ఉంటావో నీకు తెలీదు. నాకు తెలుసు."

"అందుకని ఆ పాటకి వాయించావా? నీ మీద నువ్వే?"

అప్పుడు నవ్వాడురా. "పూర్తిగా వాయించానని ఎవరన్నారు? నువ్వే కదా ప్రతిసారీ తిట్టావు."

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా నడుం విరిగింది.

మూడో పాట గుర్తుందా? ప్రతి రిహార్సలులోనూ ఒకేచోట బేస్ మాయమయ్యేది. నేను అందరి ముందూ ఆయన్ని దులిపేసేదాన్ని. "తాళం తప్పావ్! వెల్డింగ్ చేసి చేసి వేళ్ళు మొద్దుబారాయా? చిన్నపిల్లలు కూడా తప్పరు ఇక్కడ!" నువ్వూ పక్కనుంచి నవ్వేవాడివి. "బావకి లెక్కలు రావక్కా" అనేవాడివి. ఆయన తల వంచుకుని "ఈసారి చూసుకుంటా" అనేవాడు. మళ్ళీ అక్కడే ఆగేవాడు.

క్యాసెట్టు మళ్ళీ సగం వేగంలో పెట్టాను. ఈసారి నా కాలు వినలేదు, నీ గొంతు వినలేదు. బేస్ ఒక్కటే విన్నాను. నువ్వు "నది" అనగానే తీగల మీంచి చెయ్యి తీసేశాడు. నీ వాక్యం అయ్యాక మళ్ళీ అందుకున్నాడు. పాటలో ఆ వాక్యం వచ్చిన ప్రతిచోటా అంతే. ఒక్కచోట కూడా తప్పలేదు. మన ముగ్గురిలో లెక్క తప్పనివాడు ఆయనొక్కడే.

నీకు ఆ సంగతి తెలుసు. పక్కనే ఉన్నావు, ఆయన చెయ్యి లేవడం చూశావు. చూసి కూడా "లెక్కలు రావు" అని నవ్వావు. నన్ను ఎగదోశావు.

"ఆయనకి లేని నొప్పి" అని రాశావు. భరించినవాణ్ణి చూసి ఒప్పుకున్నాడనుకోవడం ఈ లోకంలో ప్రతి దొంగా వేసే ఎత్తే. మా సూపర్‌వైజర్ కూడా అంతే అంటాడు: "వాళ్ళే ఊరుకున్నారు, మధ్యలో నీకేంటమ్మా?" నువ్వు రాజుల తలలు తెగ్గొట్టడం మానేసి చాలా కాలమైంది. సూపర్‌వైజర్ భాష నేర్చుకున్నావు.

అక్క అని రాయలేకపోతున్నాను.


కరెంటాఫీసు, భోజనాల గది
బుధవారం

అక్కా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను.

బావ చెయ్యి తీసేయడం చూశాను. అవును. ఏమనాలో తెలీక నవ్వాను. నమ్మితే నమ్ము.

ఒక్క సంగతి మాత్రం నీకు ఎప్పటికీ అర్థం కాదు. ఇన్నేళ్ళు గొంతు చించుకున్నాను. మన ప్రదర్శనలకి వచ్చేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి, అయిపోగానే నీ దగ్గరికి వచ్చి "డ్రమ్స్ అదరగొట్టారండీ" అనేవాళ్ళు. నా మాటలు ఒక్కడికీ అక్కర్లేదు. నీకే అక్కర్లేదు. రాజుల మీద రాసినవి, ఆకలి మీద రాసినవి ఎవడైనా అడిగాడా? అప్పుడు ఈ గుంపు వచ్చింది. "అన్నా, ఆ లైను మళ్ళీ చెప్పు" అన్నారు. చెప్పాను. పై వారానికి కంఠతా పట్టుకొచ్చారు. నా మాటలు ఇంకొకళ్ళ నోట్లోంచి వినడం అదే మొదటిసారి. ఆ రుచి నీకు తెలీదు. ఆ తర్వాత వాళ్ళకి ఏం కావాలో అదే రాశాను.

ఇప్పుడు వెనక్కి రాలేను. రికార్డు కంపెనీ ఆ గుంపు స్నేహితులదే. రికార్డు ఆగిందంటే వాళ్ళు ముందు నా తలుపే కొడతారు.

పోనీ ఒక పని చేద్దాం. అట్ట మీద నీ పేరూ బావ పేరూ వెయ్యొద్దు. అమ్మకి మాత్రం సంగీతం విషయంలో అభిప్రాయాలు కలవక విడిపోయామని చెబుదాం. ఈ వయసులో ఆమెకి ఇవన్నీ ఎందుకు?

సరేనను అక్కా. ఆ డ్రమ్ములు పోకూడదు. అది మాత్రం నిజంగా అంటున్నాను.

తమ్ముడు


చెవుల మామ గది బయట, మెట్ల మీద
శనివారం

ఒరేయ్,

ఆ డ్రమ్ములు పోయాయి.

మన ఆచారం గుర్తుందిగా, పాత గిటారువాడు గొడవపడి వెళ్ళిపోయి, గిటారు కూడా నువ్వే అందుకున్నాక మనమే పెట్టుకున్నది? ముగ్గురూ సరేననేదాకా ఎవరి ట్రాకు మీద వాళ్ళదే హక్కు, తిరగవాయించుకున్నా చెరుపుకున్నా వేరేవాళ్ళు అడ్డు చెప్పకూడదు. ఇవాళ ఆ హక్కు వాడుకున్నాను.

మామ చెరిపే ఎర్ర బటన్ మీద చెయ్యి వెయ్యనన్నాడు. "అమ్మాయ్, ముప్పై ఏళ్ళలో ఇలాంటి చేతులు నేను రికార్డు చెయ్యలేదు. ఇంకోసారి ఆలోచించు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయితే ఒక్కసారి మామూలు వేగంలో మొత్తం వినిపించమన్నాను. విన్నాను. నువ్వు చెప్పింది నిజమేరా. నేను అంత బాగా ఎన్నడూ వాయించలేదు. విన్నాక నేనే నొక్కాను, పాడైపోయిన ఈ చేత్తోనే.

నీ ట్రాకు ముట్టుకోలేదు. అది నీది. నీ గొంతు, నీ గిటారు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు దాన్ని విను. నీ మాటలు తెలుసుకోవడానికి ఎవరూ టేపు నెమ్మదిగా తిప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ వాటి మీద కప్పిన దుప్పటి నా మోతే. తీసేశాను. నీ మైకులోకి కారిన నా చప్పుడు మాత్రం ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టు వినిపిస్తోంది. అంతే మిగిలాను. అది చాలు.

మీ బావని కూడా చెరపమన్నాను. ఆయన వద్దన్నాడు. "ఉండనీ. ఎక్కడ ఆగానో వినేవాళ్ళకి తెలియాలి" అన్నాడు. ఇప్పుడు బాగా తెలుస్తుంది. నువ్వు "నది" అనగానే కింద నేల మాయమవుతుంది.

ఎవరూ నీ మాటలు వినలేదన్నావు. నేను వినలేదు, నిజం. దానికి నాతో పోట్లాడాల్సింది. నా దూది పీకి పారెయ్యాల్సింది. ఎవడు వింటే వాడికి అమ్ముడుపోతాననడం పాటగాడి దుఃఖం కాదురా, అది వేలంపాట.

వాళ్ళు తలుపు కొడతారని భయమన్నావు. మీ బావ షట్టరు ఎప్పుడో కొట్టారు. ఆ భయం ఎలా ఉంటుందో ఇప్పుడు నీకూ తెలిసింది. ఒంటరిగా భయపడుతూ కూర్చోకు, వెల్డింగ్ షాపుకి రా. అక్కడ భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, కలిసి నిలబడుతున్నారు. లాండ్రీ పెద్దామె కూడా వస్తోంది.

టేపు గడప దాటడానికి నేను సరేననను, మీ బావా అనడు. ఇక నాకు కావల్సినవి రాస్తున్నాను. వీటిలో బేరం లేదు.

ఒకటి. "మసి" అన్న పేరు వదిలెయ్. అది నా ఒంటి మీంచి వచ్చింది.

రెండు. షెడ్డు తాళంచెవి మామకి ఇచ్చెయ్.

మూడు. ఆ గుంపు కోట్ల మీంచి మన గుర్తు విప్పించు. కుదరకపోతే, కుదరలేదని నీ నోటితో అందరి ముందూ చెప్పు.

నాలుగు. అమ్మకి అభిప్రాయాలు కలవలేదని చెప్పకు. జరిగింది చెప్పు.

ఐదు. షట్టరు మీద ఇంకా మరక ఉంది. కిరసనాయిలు, ఇనుప బ్రష్షు నువ్వే తెచ్చుకో. పట్టపగలు రా.

ఆరు. మరక పోయాక, రంగు లేని మొహంతో అక్కడే నిలబడి, కేక వెయ్యకుండా, మామూలు గొంతుతో, ఆ వాక్యం ఆయన మొహం చూసి చదువు. చదవగలిగితే.

ఏడు. అంతవరకూ ఆయన్ని బావా అని పిలవకు.